నిద్రమాత్ర కోసం షట్టర్ కొట్టిన పిల్లలు

కింద మెడికల్ షాపు, పైన కాపురం. ఇలా ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర మీద పూర్తి హక్కు ఉండదు. మాది తిరుపతిలో యూనివర్సిటీ వెనకవైపు. సందు సందునా అద్దె గదులు, గదికి ముగ్గురో నలుగురో కుర్రాళ్లు. పదకొండుకి షట్టర్ దించేస్తాం. ఆ తర్వాత కొట్టేవాళ్లలో ఎక్కువమంది పసిపిల్లల జ్వరం మందుకో, ఇన్‌హేలర్‌కో వస్తారు. ఈమధ్య కొన్నేళ్లుగా ఇంకో రకం బేరం మొదలైంది. బండి మీద ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. ఒకడు దిగి మాట్లాడతాడు, రెండోవాడు బండి ఆపు చేయడు. “అక్కా, నిద్ర పట్టే మాత్ర ఒకటి ఇయ్యక్కా.” ఎవరికి? “ఫ్రెండుకి.” ఏమైంది? నేలచూపులు. గంజాయో భాంగో ఎక్కువై ఉంటుంది.

ఇవ్వను. అల్ప్రాజోలం, డయాజిపాం, జోల్పిడెం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్లో రాసి 3 ఏళ్లు దాచాలి. అది చట్టం. చట్టం లేకపోయినా ఇవ్వను. ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, పైన మద్యం కూడా పడిందో లేదో తెలియని మనిషికి నిద్రమాత్ర వేస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పైగా వాడు నిద్రపోతున్నాడా, స్పృహ తప్పాడా అన్నది గదిలో ఉన్న పిల్లలు ఎలా కనిపెడతారు? ఆసుపత్రిలో డాక్టరు ఇదే జాతి మందు ఇవ్వచ్చు. అక్కడ మానిటర్ ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, మెలకువగా ఉండి చూసే మనిషి ఉంటాడు.

నేనిప్పుడు చెప్పబోయే అబ్బాయిని అడిగే రాస్తున్నాను. పేరు, కాలేజీ వద్దన్నాడు. ఊరు మదనపల్లె అని మాత్రం రాయమన్నాడు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

హోలీ అయిన వారం. వాడి రూమ్మేట్ బంధువులతో కాశీ యాత్రకు వెళ్లి వచ్చాడు. గంగాజలం చెంబు, నల్ల దారాలు, వాటితో పాటు రేకు కాగితంలో చుట్టిన ఉండలు కొన్ని తెచ్చాడు. అవి భాంగ్ ఉండలు, గంజాయి ఆకు నూరి చేస్తారు. కాశీలో సర్కారు లైసెన్సుతోనే భాంగ్ కొట్లు నడుస్తాయి. “శివుడి ప్రసాదంరా, గంజాయి కాదు” అన్నాడట. మదనపల్లె అబ్బాయి రాత్రి తొమ్మిదికి ఒక ఉండ తిన్నాడు. గంటయినా ఏమీ కాలేదు. డూప్లికేట్ సరుకు అని నవ్వుకుని ఇంకోటి తిన్నాడు. ఆ మీద అందరూ కలిసి నూడుల్స్ చేసుకుని తిన్నారు. పదకొండు దాటాక మొదలైంది.

ఈ రెండో ఉండ కథ చాలామందిది. పొగ తాగితే టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం ఊపిరితిత్తుల నుంచి నిమిషాల్లో మెదడుకు చేరుతుంది, మామూలుగా రెండు మూడు గంటల్లో తగ్గుముఖం పడుతుంది. తింటే దారి వేరు. పేగుల్లోంచి కాలేయానికి పోయి, అక్కడ 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారి రక్తంలోకి వస్తుంది. అది ఇంకా గట్టిది, మెదడులోకి సులువుగా దూరుతుంది. మొదలవడానికే అరగంట నుంచి 2 గంటలు పడుతుంది. ఎక్కాక 6 నుంచి 8 గంటలు, ఒక్కోసారి 12 గంటలదాకా ఉంటుంది. అందుకే మొదటిది ఇంకా దారిలో ఉండగానే జనం రెండోది మింగేస్తారు. ఆకుతో చేస్తే భాంగ్, పూతతో చేస్తే గంజాయి అని చట్టం విడదీస్తుంది. కాలేయం అలా విడదీయదు.

ఆ రాత్రి లోపల ఎలా ఉండిందో వాడు తర్వాత చెప్పాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోందట. చేతులు తనవి కావనిపించాయట. ఒక మాట నోటితో అన్నాడో, మనసులో అనుకున్నాడో తెలియలేదు. చాలాసేపు గడిచిందనుకుని ఫోన్ చూస్తే నిమిషం కూడా మారలేదు. కాసేపట్లో చచ్చిపోతానని, ఎప్పటికీ ఇలాగే బతకాలని, రెండూ ఒకేసారి నమ్మాడు.

స్నేహితులు వాడిని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని దగ్గర్లోని ఒక నర్సింగ్ హోంకి తీసుకుపోయారు. మత్తులో ఉన్నవాడిని అలా తీసుకుపోవడమే గండం, వంపు దగ్గర పక్కకు ఒరిగితే ముగ్గురూ పడతారు. అక్కడ కౌంటర్లో మనిషి లోపలికి కూడా రానివ్వలేదు. “పోలీసు కేసు అవుతుంది, పెద్దాసుపత్రికి పోండి” అన్నాడు. పోలీసు అన్న మాట వినగానే పిల్లలు బండి గదికి తిప్పారు. అంబులెన్సు పిలిచి పంపాల్సిన చోట ఒక్క మాటతో తరిమేశారు. ప్రాణం మీదికి వచ్చినవాడికి ముందు వైద్యం చేయాలి, పోలీసు లాంఛనాలు తర్వాత, ఇది సర్కారు డాక్టరుకైనా ప్రైవేటు డాక్టరుకైనా బాధ్యతే అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అక్కడి నుంచి మా షట్టర్ దగ్గరికి వచ్చారు. “మా వోనికి ఎక్కువ ఎక్కేసిందక్కా. సచ్చిపోతాండానని అరస్తా ఉండాడు. నిద్రమాత్ర ఇస్తే పండుకుంటాడు.” మాత్ర ఇవ్వనంటే ఏడుపు మొహం పెట్టాడు. మా ఆయన చొక్కా తగిలించుకుని “గది యాడ?” అన్నాడు. నేను వేలికి పెట్టే ఆక్సీమీటరు, బీపీ మిషను సంచిలో వేసుకుని వెంట నడిచాను.

గదిలో సగం సమస్య ఆ గదే. ట్యూబ్‌లైటు, ఫుల్ సౌండులో సీలింగు ఫ్యాను, నలుగురు ఒకేసారి మాట్లాడటం. ఒకడు నిమ్మకాయ పిండుతున్నాడు, ఒకడు మజ్జిగ గ్లాసు నోటికి అందిస్తున్నాడు, ఒకడు నెత్తిన నీళ్లు కుమ్మరించాడు. ఇంకొకడు ఫోన్లో ఏదో చదివి “గుండె ఆగిపోవచ్చంట రా” అని వాడికి వినపడేలా అన్నాడు. ఆ ఫోన్ పిల్లోడిని మొదట బయటికి పంపాను. నిమ్మకాయ, మజ్జిగ వల్ల మత్తు దిగదు. మగతలో ఉన్నవాడి నోట్లో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మాత్రం ఉంది. గొంతులో వేళ్లు పెట్టి కక్కించడం కూడా అంతే. గంటల కిందట తిన్నది ఇప్పుడు పైకి రాదు.

లైటు తీసి ఫోన్ టార్చి గోడకు పెట్టాం. వాడిని గోడకు ఆనించి కూర్చోబెట్టాం. ఆక్సిజన్ 98 ఉంది, నాడి 136. ఈ మత్తుకు గుండె వేగం పెరగడం మామూలు. వేగం చూసి భయం, భయానికి ఇంకా వేగం. నేను వాడికి నంబరు చెప్పలేదు. “ఆక్సిజన్ బాగుంది నాయనా. ఇది మందు పని. ఎక్కింది దిగుతుంది. నేను ఈడే కూర్చుంటా” అన్నాను. ఇదే మాట మళ్లీ మళ్లీ చెప్పాలి. చెప్పిన నిమిషానికే మర్చిపోతారు, మళ్లీ అడుగుతారు, విసుక్కోకూడదు.

మీది ఏ ఊరు అని అడిగాను. మదనపల్లె. అయితే బస్సు ఎక్కినావనుకో, మదనపల్లె దాటినాక ఏం ఊరొస్తుంది? వాయల్పాడు అన్నాడు. తర్వాత? కలికిరి. తర్వాత? పీలేరు. పీలేరులో బస్సు ఎంతసేపు ఆపుతాడు? అక్కడ తడబడ్డాడు, మళ్లీ గుండె పట్టుకున్నాడు. సరే మళ్లీ మదనపల్లె నుంచి. భాకరాపేట ఘాటు దిగి రంగంపేట చేరేసరికి ఊపిరి కాస్త నెమ్మదించింది. ఊపిరి తీసుకోవడం కంటే వదలడం ఎక్కువసేపు చేయమని మధ్యమధ్యలో చెబుతూ వచ్చాను. తెలిసిన ఊళ్లు, చేతికి తగిలే గోడ, చెవికి వినపడే ఫ్యాను, ఇలాంటి వాటి మీదికి మనసు తిప్పడం మానసిక వైద్యులు నేర్పే పద్ధతే. నేను కనిపెట్టిందేం కాదు. ఊరి పేరు రాయమన్నది ఇందుకే. ఆ బస్సు రూటు తనను ఆ రాత్రి దాటించిందని వాడి నమ్మకం.

ఇంతలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడు. కంటిపాపలు పెద్దవిగా కనిపించాయి. అప్పుడు 108కి ఫోన్ చేయమన్నాను. ఇక చూడాలి వాళ్ల బతిమాలడం. “వద్దక్కా, కాలేజీలో తెలిసిపోతాది.” “మా నాయన సంపేస్తాడక్కా.” ఫోన్ నేనే చేశాను.

ప్రతి కేసూ ఆసుపత్రికి పోవాల్సిన పని లేదు. మనిషి మాట్లాడుతున్నాడు, అడిగితే పేరు, చోటు చెబుతున్నాడు, గుక్కెడు నీళ్లు ఆగుతున్నాయి, మధ్యమధ్యలో భయం తగ్గుతోంది అంటే చీకటి గదిలో పక్కన ఒకరు మేలుకుని కూర్చుంటే చాలు. మిద్దె మీదికి, బాల్కనీలోకి పోనివ్వకూడదు, బండి తాళాలు తీసి దాచాలి. పడుకుంటానంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కానీ ఛాతీ నొప్పి, ఫిట్స్, లేపినా లేవకపోవడం, ఊపిరి కష్టం, ఆగని వాంతులు, ఒళ్లు కాలిపోయే జ్వరం, లేని మనుషులు కనిపించడం, లేని గొంతులు వినపడటం, చచ్చిపోతాను దూకుతాను అనడం, వీటిలో ఒక్కటున్నా ఆలోచించకుండా 108. ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, వేరే మాత్రలో మద్యమో కలిపినవాళ్లు అయితే లక్షణం ముదిరేదాకా ఆగకూడదు. చిన్నపిల్లలు మిఠాయి అనుకుని తింటే మరీ ప్రమాదం. పెద్దవాళ్లకు భయం పుట్టించే మోతాదు వాళ్లను కోమాలోకి, ఊపిరి ఆడని స్థితిలోకి తీసుకుపోగలదు.

అంబులెన్సు రుయాకి తీసుకుపోయింది. బయటి ఊళ్లవాళ్లకు చెబుతున్నాను, రుయా అంటే మా పెద్దాసుపత్రి, ఎస్వీ మెడికల్ కాలేజీది. మా ఆయన వెంట వెళ్లాడు. పోయేముందు ఆ రేకు కాగితం, మిగిలిన ఒక ఉండ ఆయన జేబులో పెట్టాను.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగాడు, “ఏం తిన్నాడు?”

“నూడుల్స్ సార్. ఫుడ్ పాయిజన్ అయింది.” ఇద్దరూ ఒకే గొంతుతో. దారిలోనే మాట్లాడుకున్నట్టున్నారు.

మా ఆయన జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. “నూడుల్స్ కంటే ముందు ఇది తిన్నాడు సార్. తొమ్మిదికి ఒకటి, పదికి ఒకటి.”

డాక్టరు తిట్టలేదట. పిల్లలు అందుకే ఎక్కువ ఆశ్చర్యపోయారు. టార్చి వేసి కంటిపాపలు చూశాడు. చంకలో చెయ్యి పెట్టి చెమట ఉందా అని చూశాడు. జ్వరం చూశాడు. భాంగ్‌లో కొన్నిచోట్ల ఉమ్మెత్త గింజలు కలుపుతారు. ఉమ్మెత్త విషం అయితే చర్మం ఎండిపోతుంది, జ్వరం వస్తుంది, మూత్రం బిగుస్తుంది, మనిషి గాల్లో ఏదో ఏరుకుంటూ సంధి మాటలు మాట్లాడతాడు. దాని వైద్యం వేరు. వీడి చంక తడిగా ఉంది. వేలు గుచ్చి షుగర్ చూశారు, ఈసీజీ తీశారు, సెలైన్ పెట్టారు, వాంతికి ఒక ఇంజక్షను, భయం తగ్గడానికి ఒక ఇంజక్షను. గంజాయికి విరుగుడు మందంటూ లేదు. శరీరం దాన్ని ఖర్చు చేసేదాకా మనిషిని కాపలా కాయడమే వైద్యం. తెల్లవారేసరికి నాడి తొంభైల్లోకి వచ్చింది, ఇడ్లీ అడిగాడు.

నూడుల్స్ కథే నిలబడి ఉంటే ఆ చంక ఎవరు చూసేవాళ్లు?

పోలీసుల సంగతి దాచకుండా చెబుతాను. విషప్రయోగం, తెలియని మత్తు అనుమానం ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి పోలీసులకు తెలియజేయడం మామూలే. అది డాక్టరు రాసే రికార్డు, రోగి మీద కేసు పెట్టినట్టు కాదు. మత్తుమందులను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి వాడకం నేరమే, 6 నెలలదాకా జైలు లేదా 10,000 రూపాయలదాకా జరిమానా లేదా రెండూ. పూత కలవని ఉత్త ఆకు ఆ చట్టం చెప్పే గంజాయి కిందికి రాదు. అలవాటుపడినవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే 64ఏ సెక్షను కింద వాడకం కేసు నుంచి మినహాయింపు ఉంది. ఇంత చెప్పినా పిల్లలకు భయం పోదు, నాకు తెలుసు. అమ్మేవాళ్లను పట్టుకోవడానికి రాష్ట్రంలో ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టారు, 1972 నంబరు గోడ గోడకీ రాశారు. మంచిదే. దాని పక్కనే ‘ఒంట్లో బాగా లేకపోతే ముందు ఆసుపత్రికి రా’ అని కూడా పెద్ద అక్షరాలతో రాస్తే మా షట్టరుకు పని తగ్గుతుంది.

అందరూ ఇక్కడితో అయిపోయిందనుకున్నారు. అసలు ఇబ్బంది తర్వాత మొదలైంది.

కొన్నాళ్లకు మదనపల్లె అబ్బాయి షాపుకి రావడం ఎక్కువైంది. బీపీ చూడమంటాడు. సాయంత్రం మళ్లీ చూడమంటాడు. ఆక్సీమీటరు కొన్నాడు, అది తప్పు చూపిస్తోందని ఇంకోటి కొన్నాడు. బి-కాంప్లెక్సు, ఓఆర్ఎస్, గుండెకు మంచిదని ఎవరో చెప్పిన ఏదో చూర్ణం. కాఫీ మానేశాడు. ఎడమవైపు తిరిగి పడుకోవడం మానేశాడు. లీలామహల్ దగ్గర సిటీ బస్సులో ఉండగా గుండె దడ వచ్చి మధ్యలో దిగిపోయాడట, ఆ తర్వాత బస్సే ఎక్కడం లేదు. ప్రైవేటులో ఎకో, అంటే గుండె స్కాన్ తీయించుకున్నాడు, నార్మల్. ఆ రిపోర్టు మడిచి పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఆ ధైర్యం ఒకటి రెండు రోజులే. “అక్కా, ఆ రోజు తిన్నది ఇంకా లోపల ఉండిపోయిందా? నేను నేనుగా లేను. అద్దం ఇవతల నుంచి అందర్నీ చూస్తా ఉన్నట్టు ఉండాది.”

లోపల ఉండిపోలేదు. ఎక్కువ వాడేవాళ్లకు మూత్ర పరీక్షలో వారాల తరబడి జాడ కనిపించవచ్చు, మత్తు మాత్రం అప్పుడే దిగిపోయింది. ఉండిపోయింది భయం. ఒకసారి ప్రాణం పోతుందని గట్టిగా నమ్మిన శరీరం, గుండె కాస్త వేగం అందుకోగానే మళ్లీ అదే అనుకుంటుంది. ఆ దూరం దూరంగా అనిపించడం కూడా తీవ్రమైన ఆందోళనలో వచ్చేదే. ఇదంతా నా నోటితో చెబితే వాడు నమ్మాలని లేదు. డిశ్చార్జి చీటీ తెమ్మన్నాను. తెచ్చాడు. అడుగున ఉంది, మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించుకోమని. వాళ్లు ఎవరూ చదవలేదు. డాక్టర్ల రాత చదవగలగడం మా వృత్తికి దేవుడిచ్చిన వరమో శాపమో.

“సైకియాట్రీ అంటే పిచ్చోళ్లది కదక్కా” అన్నాడు. అయితే ముందు ఫోన్ చెయ్యి అని 14416 రాసిచ్చాను. టెలీ మానస్, కేంద్రం 2022 అక్టోబరులో పెట్టింది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. షాపు వెనక మందుల అట్టపెట్టెల మీద కూర్చుని చేశాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. బయటికి వచ్చి, “వాళ్లు కూడా ఓపీకే పొమ్మన్నారు” అన్నాడు. ఈసారి మొహంలో అంత మొండితనం లేదు.

మధ్యలో వాళ్లమ్మ వచ్చింది. మదనపల్లె టమాటా మార్కెట్లో కాయలు ఏరే పని ఆమెది. పని మానుకుని వచ్చింది. కొడుకు మెడలో అప్పటికే తాయెత్తు పడింది. “మేడమ్మా, వానికి గాలి సోకింది. కాశీకి పోయొచ్చినోళ్లతో కూసోని తిన్నాడంట, ఆడ శ్మశానాలు జాస్తి.” నేను వాదించలేదు. తాయెత్తు మెడలో ఉండనీ, ఓపీ చీటీ చేతిలో ఉండనీ, ఒకదానికి ఒకటి అడ్డం కాదన్నాను. తాయెత్తు కట్టించినంత మాత్రాన ఆమెకు తెలివి లేదనుకునే డాక్టర్లను, చుట్టాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొడుకు కోసం ఆమెకు తెలిసిన ప్రతి తలుపూ తట్టింది. ఈ తలుపు ఎవరూ చూపించలేదు, అంతే.

ఓపీలో పొద్దున్నే లైను. లోపల డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడిందట. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అని అడిగితే తల్లి లేదంది. బయటికి వచ్చాక బెంచీ మీద కూర్చుని కొడుకుతో, “మీ చిన్నమామ సంగతి చెప్పల్నా?” అంది. ఆమె తమ్ముడు ఇరవై దాటగానే మతి చెడి ఇల్లిడిసి పోయాడు. ఆ పేరు ఇంట్లో ఎత్తరు. కొడుకే తల్లి చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకుపోయాడు.

ఆ ఒక్క సంగతితో డాక్టరమ్మ మాట మారింది. వీడికి ఇప్పుడున్నది ప్యానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, వైద్యంతో తగ్గుతుంది. కానీ రక్తసంబంధంలో అలాంటి జబ్బు ఉన్నవాళ్లకు గంజాయి, భాంగ్ ఏదైనా సరే మిగతావాళ్ల కంటే ఎక్కువ ముప్పు, కుర్ర వయసులో మరీను. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం, గొంతులు వినపడటం, రాత్రులు నిద్ర లేకున్నా అలసట లేకపోవడం కనిపిస్తే అపాయింట్‌మెంటు తేదీ దాకా ఆగకుండా రమ్మంది. అమ్మకూ కొడుక్కూ ఇద్దరికీ చెప్పింది. ఫలానావాడు గంజాయి తిన్నాడని, సైకియాట్రీకి వచ్చాడని ఆసుపత్రివాళ్లు కాలేజీకి చెప్పడానికి లేదని కూడా చెప్పిందట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత రోగి హక్కు.

ఆందోళన తగ్గడానికి ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాసింది. ఈ మందుతో నేను ప్రతి ఒక్కరికీ కౌంటర్లో చెప్పే మాటే వాడికీ చెప్పాను. మొదటి వారం పది రోజులు ఆందోళన కాస్త పెరిగినట్టు, కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు, మందు పడలేదని ఆపొద్దు, మరీ ఎక్కువైతే డాక్టరును అడుగు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గిందని నీ అంతట నువ్వు టక్కున ఆపొద్దు.

మందు కంటే నాకు నచ్చింది అక్కడి కౌన్సెలర్ పెట్టిన పని. గుండె వేగం పెరిగే పనులన్నీ వీడు మానేశాడు కదా, వాటినే కొద్దికొద్దిగా చేయమన్నాడు. గుండె కొట్టుకున్నా ఏమీ కాదని శరీరం నేర్చుకోవాలి. మొదట మేడ మెట్లు. తర్వాత కపిలతీర్థం దాకా చురుగ్గా నడక. ఆక్సీమీటర్లు రెండూ గదిలో వదిలేసి పోవాలి, అది షరతు. ఆ మీద అలిపిరి. మొదటిసారి కొన్ని మెట్లెక్కి దిగొచ్చేశాడు. తర్వాత గాలిగోపురం దాకా పోయాడు. వేసవి సెలవులకు ముందు మొత్తం 3,550 మెట్లూ ఎక్కాడు, వాళ్లమ్మతో కలిసి. ఆమె మొక్కు తీరింది, వీడికి కౌన్సెలర్ చెప్పిన పని తీరింది. మోకాళ్ల పర్వతం దగ్గర ఇద్దరిలో ఆగిపోయింది అమ్మే అని నవ్వుతూ చెప్పాడు. ఊరికి బస్సులో పోతున్నాడు. మందు ఇంకా వాడుతున్నాడు.

ఇందులో ఎవరూ అడగని మనిషి ఒకడున్నాడు, ఆ ఉండలు తెచ్చిన రూమ్మేట్. అందరూ వాడిని తిట్టారు. వాడు కూడా మా కస్టమరే. వాంతుల మాత్ర ఆన్‌డాన్సెట్రాన్, గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ తరచూ కొంటాడు. ఎండోస్కోపీ చేయించుకున్నాడు, ఏమీ లేదన్నారు. ఒకరోజు షాపులో ఎవరూ లేనప్పుడు అడిగాను, వాంతులు ఎప్పుడొస్తాయి? పొద్దున. దేంతో తగ్గుతాయి? కాసేపు ఆలోచించి, “వేణ్నీళ్లతో స్నానం చేస్తే తగ్గుతాదక్కా. గీజరు వేసుకుని గంట నిలబడతా” అన్నాడు.

ఏళ్ల తరబడి రోజూ గంజాయి తాగేవాళ్లలో కొందరికి ఇలా విడవకుండా వాంతులు వస్తాయి, వేడినీళ్ల స్నానం ఒక్కటే ఊరటగా ఉంటుంది. ఆస్ట్రేలియా డాక్టర్లు 2004లో దీన్ని వర్ణించారు. వాంతులు తగ్గించే గుణం గంజాయికి ఉందని అందరికీ తెలుసు కాబట్టి ఈ వాంతులు దానివల్లేనని వాడేవాడికి తట్టదు, తగ్గుతుందని ఇంకా తాగుతాడు. ఎండోస్కోపీ చేసిన డాక్టరుకు గంజాయి సంగతి చెప్పావా అంటే, “నాయన పక్కనే ఉండాడక్కా” అన్నాడు.

వాడికి 14446 ఇచ్చాను, అది మత్తు అలవాట్లు మాన్పించే హెల్ప్‌లైను. మళ్లీ కడుపు డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోయి వేణ్నీళ్ల సంగతితో సహా అంతా చెప్పమన్నాను. చెప్పాడు. పూర్తిగా మానేయడం తప్ప దీనికి శాశ్వత మందు లేదని ఆయన తేల్చేశాడు. మానేశానంటాడు. ఆన్‌డాన్సెట్రాన్ కొనడం అయితే ఆపాడు. ఇంకో షాపులో కొంటున్నాడేమో, అది నేను చెప్పలేను.